బెంగళూరుకా, రాయవేలూరుకా?

మదనపల్లెలో మందుల షాపు పెట్టి 26 ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో కౌంటరు అవతలి నుంచి నన్ను ఎక్కువసార్లు అడిగింది మందు రేటు గురించి కాదు, డిస్కౌంటు గురించీ కాదు. "అన్నా, యాడికి పోతే మేలు? బెంగళూరుకా, రాయవేలూరుకా?" అనే. అడిగే మనిషి చంకలో ఎక్స్‌రే కవరు ఉంటుంది. పక్కన నిలబడే ఓపిక లేక మెట్టు మీద కూర్చున్న ఇంకో మనిషి ఉంటాడు. నేను డాక్టర్ని కాదు, డి.ఫార్మసీ చదివినవాణ్ణి. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. నాలుగు ఊళ్ళ డాక్టర్లు రాసిన మందుల చీటీలూ వచ్చిపడేది నా కౌంటరు మీదికే కాబట్టి నాకేదో తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

మా ఊరు ఉన్న చోటు అట్లాంటిది. బెంగళూరు 120 కిలోమీటర్లు. తిరుపతి కూడా కాస్త అటూ ఇటూగా అంతే. చిత్తూరు మీదుగా రాయవేలూరు ఇంకొంచెం ఎక్కువ. మద్రాసుకి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం దాటాక దిగుతాం. హైదరాబాదు ఒక్కటే రాత్రంతా ప్రయాణం. (వేలూరుని మా పక్క పెద్దవాళ్ళు ఇప్పటికీ రాయవేలూరనే అంటారు. నాకూ అదే నోటికొస్తుంది, సర్దుకోండి.)

చీటీ మీద ఆసుపత్రి పేరు చదవకముందే అది ఏ ఊరిదో చెప్పగలను. బెంగళూరు నుంచి వచ్చేది నున్నటి ఫైలు, అట్ట మీద నవ్వుతున్న కుటుంబం ఫొటో. తిరుపతి నుంచి వచ్చినవాళ్ళు చీటీ తీసే ముందు అదే సంచిలోంచి లడ్డు ముక్క తీసి పెడతారు. మద్రాసు చీటీల్లో ఎక్కువ భాగం కంటి చుక్కలే. హైదరాబాదు చీటీ కాగితంగా రావడం తక్కువ. అక్కడ ఉద్యోగం చేసే కొడుకో కూతురో తీసి పంపిన వాట్సాప్ ఫొటో, ఒక మూల బొటనవేలు అడ్డం. రాయవేలూరు పోయొచ్చినవాళ్ళు మాత్రం చీటీ కన్నా ముందు తమ ఆసుపత్రి నంబరు చెబుతారు, నేను అడక్కపోయినా. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కింద ఇచ్చిన నంబరు అది. కొడుకు ఫోను నంబరు గుర్తులేని ముసలామె కూడా దాన్ని తడుముకోకుండా చెబుతుంది.

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. షాపులో స్టూలు లాక్కుని కూర్చుని, నేను ఎవరికో రాయవేలూరు బస్సు టైము చెబుతుంటే విని నవ్వాడు. "ఇంకా ఆ వేలూరేంది మామా? ఇప్పుడు వైద్యానికి హైదరాబాదుని మించిన ఊరుందా?" అన్నాడు. రోబో సర్జరీలు చెప్పాడు, ఆఫ్రికా నుంచీ అరబ్బు దేశాల నుంచీ దిగే రోగుల్ని చెప్పాడు. "ప్రపంచంలో ఏ మూల బిడ్డకి టీకా వేసినా ఆ సీసా మన శామీర్‌పేట పక్కన తయారై ఉండొచ్చు, తెలుసా?" అన్నాడు. వాడి మాటల్లో అబద్ధమేమీ లేదు. పండగ రద్దీ, వాదన పెట్టుకోలేదు. కానీ ఆ మాట లోపల ఉండిపోయింది. ఎన్ని దేశాల జనం వచ్చి దిగుతున్నారన్నది వాడి కొలత. నా కొలత అది కాదు. అది ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మా తాత దగ్గర మొదలుపెట్టాలి.

తాతకి 1954లో క్షయ పట్టుకుంది. ఆ మాట పైకి అనేవాళ్ళు కాదు, "రొమ్ము జబ్బు" అనేవాళ్ళు. దానికోసం మావాళ్ళు ఏ ఊరికీ పోయే పనిలేదు, దక్షిణాది జనమే మా ఊరికి వచ్చేవాళ్ళు. ఊరి బయట ఆరోగ్యవరంలో మిషన్ వాళ్ళు 1915లో క్షయ శానటోరియం తెరిచారు. మదనపల్లె సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంటుంది. గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. ఆ రోజుల్లో క్షయకి వైద్యమంటే ముందు ఆ గాలే, తర్వాత విశ్రాంతి, మంచి తిండి. మా అవ్వ చెప్పేది: వరండాలో వరసగా మంచాలు, డిసెంబరు చలిలో కూడా తాత అక్కడే, కంబళి గొంతుదాకా లాక్కుని. ఆదివారం ఆదివారం ఆమె సంగటీ, ఉడకేసిన గుడ్లూ గుడ్డలో మూటకట్టుకుని నడిచి పోయేది. పిల్లల్ని చెట్టు కిందే ఆపి, దూరం నుంచి నాయనని చూపించేది. 14 నెలలు అట్లా గడిచాయి. మడక పట్టే మనిషి లేక రెండెకరాలు కుదువ పెట్టారు. తాత బతికి ఇంటికొచ్చాడు. పొలం తిరిగి రాలేదు.

తాత ఇల్లు చేరిన మరుసటేడు, 1956లో, మద్రాసులో క్షయ మందుల మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టినది. మొదటి ఏళ్ళు దాన్ని నడిపించినాయన వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు. వాళ్ళు పట్టుకున్న ప్రశ్న మా అవ్వ మనసులో ఉన్నదే: ఈ మనిషిని ఇంట్లోనే ఉంచి మాత్రలిస్తే సరిపోదా? అప్పటికి ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు వచ్చేశాయి. మద్రాసు పేటల్లోని పేద రోగుల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. సగం మంది శానటోరియంలో, సగం మంది ఇంట్లో. మందులు మాత్రం అందరికీ ఒకటే, ఒక ఏడాది. శానటోరియం వాళ్ళకి మంచి తిండి, మంచం, విశ్రాంతి. ఇంట్లోవాళ్ళకి అరకొర తిండి, ఇరుకు గది, మధ్యమధ్యలో కూలిపని.

1959లో ఫలితం అచ్చయింది. రెండు వైపులా రోగం దాదాపు ఒకే తీరుగా నయమైంది. రోగిని ఇంట్లో ఉంచుకున్నందువల్ల పెళ్ళాంపిల్లలకి అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. నయం చేసింది మాత్ర. కొండగాలీ కాదు, మంచమూ కాదు. వారానికి రెండుసార్లు ఎదురుగా నిలబడి మందు మింగించే పద్ధతిని కూడా 1960ల్లో అక్కడే పరీక్షించారు. ఆ తర్వాత ఎన్నో దేశాలు క్షయరోగుల్ని మంచాలెక్కించడం మానేసి ఇంటికే మందులివ్వడం మొదలుపెట్టాయి. ఆ కేంద్రమే ఇప్పుడు చెన్నై చెట్‌పేట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ. మా తాతకి ఆ జబ్బు నాలుగైదేళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే రెండెకరాలు మిగిలేవి.

అందుకే ఒక ఊరు ఎంతమందిని రప్పించుకుంటుందన్నది నాకు రెండో లెక్క. ఎంతమందిని రాకుండా చేసిందన్నది మొదటిది.

ఇది పుస్తకంలో చదివి పెట్టుకున్న అభిప్రాయం కాదు. 2009లో అమ్మకి సాయంత్రం సాయంత్రం జ్వరం వచ్చేది. కడుపులో నొప్పి, అన్నం సయించదు. నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గింది. ఊళ్ళో ముగ్గురు డాక్టర్లకి చూపించాం. ఒక యాంటీబయాటిక్ కోర్సు అయ్యేసరికి ఇంకొకటి. ఆ స్ట్రిప్పులన్నీ నా షాపులోంచే పోయాయి, నా చేత్తోనే కత్తిరించి ఇచ్చాను. తర్వాత బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రి. పేరు ఎందుకులెండి. తీసుకుపోయిన స్కాన్ పక్కన పడేసి మళ్ళీ స్కాన్, తీసుకుపోయిన రక్తపరీక్షలు పక్కన పడేసి మళ్ళీ రక్తపరీక్షలు. మూడో రోజు "క్యాన్సర్ అనుమానం, కోసి చూడాలి" అన్నారు. క్యాషియరు దగ్గర వరసలో నిలబడి నాకు కళ్ళు తిరిగాయి. రోజుకి నలభై మందికి మందులిచ్చేవాణ్ణి, ఆ కాగితం చదవడానికి చేతులు వణికాయి.

అక్కడి నుంచి అమ్మని రాయవేలూరు తీసుకుపోయాను. 11 రోజులు ఉన్నాం.

ఆ ఊరి గురించి ఒక ముక్క చెప్పాలి. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాలే అక్కడి సీఎంసీ, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. 1918లో ఆడపిల్లలకి వైద్యం నేర్పే బడి పెట్టింది. మగపిల్లల్ని చేర్చుకున్నది 1947లో గానీ కాదు. దేశంలో మొదటి ఓపెన్ హార్ట్ ఆపరేషన్ 1961లో అక్కడ జరిగిందని చెబుతారు. కానీ ఊళ్ళో దిగినవాడికి ముందు కనిపించేది ఇవేవీ కాదు, బెంగాలీ బోర్డులు. తమిళ ఊళ్ళో, ఆసుపత్రి చుట్టూ ఉన్న సందుల్లో, లాడ్జీల మీదా భోజనం హోటళ్ళ మీదా బెంగాలీ అక్షరాలే. బెంగాల్ నుంచీ జార్ఖండ్ నుంచీ రెండు రాత్రులు రైల్లో వచ్చి కాట్పాడిలో దిగుతారు. మా లాడ్జీ వాడు గ్యాసు స్టవ్వూ రెండు గిన్నెలూ అద్దెకిచ్చాడు. నెలల తరబడి ఉండేవాళ్ళు హోటలు తిండికి ఆగలేరు మరి.

పక్క గదిలో బర్ధమాన్ నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకి కిడ్నీ జబ్బు. పొద్దున్నే ఆవాలు నూరే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. మూడో రోజు కందిపప్పు అప్పు అడిగింది, ఐదో రోజు గిన్నెలో చేపకూర తెచ్చింది. అమ్మకి చేప వాసన పడదు. ముక్కు మూసుకుని ఆమె ఎదుట ఒక ముద్ద తిన్నది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. సాయంత్రం వరండాలో కూర్చుని ఈమె తెలుగులో, ఆమె బెంగాలీలో గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు. "ఏం చెబుతుందే అమ్మా?" అంటే "వాళ్ళ కోడలు మంచిది కాదంట" అనేది. అట్లా ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కడుపు క్షయ అని తేలింది. అది చెప్పిన డాక్టరమ్మ మా చెల్లెలి వయసుది. నేను వెంటనే, "ఎన్ని నెలలుండాలి మేడం ఇక్కడ?" అన్నాను. గది అద్దె, షాపు మూసిన రోజులు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఆమె ఒక ఉత్తరం రాసి చేతిలో పెట్టింది. "ఈ మందు మీ ఊళ్ళోనే ఉచితంగా ఇస్తారు. ఇక్కడికి రానక్కర్లేదు" అంది. ఒక ఆసుపత్రిలో నేను విన్న అతి మంచి మాట అది.

మదనపల్లెలో సర్కారు దవాఖానాలో అమ్మకి ఒక ఎర్ర డబ్బా కేటాయించారు. అప్పటి పద్ధతి అది: ఒక రోగికి ఆరునెలల కోర్సు మొత్తం ఒకే డబ్బాలో, డబ్బా మీద ఆమె పేరు. మధ్యలో స్టాకు లేదనే మాట రాకూడదని. మొదటి రెండు నెలలు వారానికి మూడుసార్లు, తర్వాత వారానికోసారి పోయి, నర్సమ్మ ఎదుట మింగి రావాలి. ఇంటి నుంచి కిలోమీటరు కూడా లేదు. తాత 14 నెలలు వరండాలో పడుకున్న జబ్బుకి ఆయన కోడలు ఆర్నెల్లు నడిచి పోయి మాత్రలు మింగి వచ్చింది. దారిలో కూరగాయలు కూడా తెచ్చుకునేది. రోగం కనిపెట్టింది రాయవేలూరు. నడిచి పోయేంత దగ్గరికి మందుని తెచ్చింది, యాభై ఏళ్ళ కిందటి మద్రాసు. నా మేనల్లుడికి ఆ రోజు చెప్పవలసింది ఇదే.

అన్నట్టు, మా ఊరు కూడా ఊరికే రోగుల్ని పడుకోబెట్టిన ఊరు కాదు. మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మొదలైనప్పుడు ముందుగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తర్వాత ఆరోగ్యవరం డాక్టరు యోహాన్నెస్ ఫ్రిమోట్ మోలర్ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, టీకా వేసినవాళ్ళనీ వేయనివాళ్ళనీ ఏళ్ళ తరబడి గమనించి లెక్కలు రాశాడు. టమాటా మార్కెట్టుతోనే పేరొచ్చిన ఊరని అనుకునే మా పిల్లలకి ఈ సంగతి తెలియదు. శానటోరియం ఇప్పుడు మామూలు ఆసుపత్రి అయింది.

ఏ ఊరు గొప్ప అనే వాదనలో ఒక తిరకాసుంది. అసలు పెద్ద పనులు ఒక ఊళ్ళో పూర్తి కావు. 1986 సంగతి చూడండి. అప్పటికి మన దేశంలో ఎయిడ్స్ లేదనే అందరి ధీమా. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసరు సునీతి సాలమన్ తన విద్యార్థిని నిర్మలకి ఆ అంశం అప్పగించారు. నిర్మల సెక్స్ వర్కర్లని ఉంచిన రిమాండ్ హోముకి పోయి వాళ్ళ నుంచి రక్తం సేకరించింది. దాచడానికి సరైన చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంది. పరీక్ష చేసే ఏర్పాటు మద్రాసులో లేదు, రాయవేలూరులో ఉంది. ఫిబ్రవరిలో ఒక రాత్రి భర్తతో కలిసి ఐసు డబ్బాలో ఆ శాంపిళ్ళు పెట్టుకుని రైలెక్కి, కాట్పాడిలో దిగి, ఆటోలో ఆసుపత్రికి పోయింది. జేకబ్ జాన్ గారి ల్యాబులో ఆరు శాంపిళ్ళు పసుపురంగులోకి తిరిగాయి. దేశంలో హెచ్ఐవీ ఉందని తెలిసింది అప్పుడే. ప్రశ్న ఒక ఊరిది, పరికరం ఇంకో ఊరిది. మధ్యలో ఒక ఐసు డబ్బా. కాట్పాడి స్టేషన్లో అమ్మని చక్రాల కుర్చీలో తోసుకుంటూ పోయిన రోజు నాకు ఈ కథ తెలియదు, తర్వాతెప్పుడో చదివాను. ఇప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద దిగితే ఆ డబ్బానే గుర్తొస్తుంది.

మా వాడు చెప్పిన శామీర్‌పేట సీసా కూడా అట్లాంటిదే. చంటిపిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి హైదరాబాదులో తయారైన టీకా ఉంది కదా, రోటావ్యాక్. అందులో వాడిన వైరస్ రకం 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన పసిబిడ్డ దగ్గర దొరికింది. అది పనిచేస్తుందో లేదో తేల్చింది ఢిల్లీ, పుణె, రాయవేలూరుల్లో 6,799 మంది పిల్లల మీద. రాయవేలూరులో ఆ పని చూసిన గగన్‌దీప్ కాంగ్ తర్వాత 2019లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికయ్యారు. 2016లో ఆ టీకాని ప్రభుత్వం ముందుగా ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. మా తమ్ముడి మనవరాలికి పీహెచ్‌సీలో నర్సమ్మ ఐదు చుక్కలు నాలుక మీద వేస్తే అది మొహం చిట్లించింది. చూస్తూ నిలబడ్డాను. ఆ ఐదు చుక్కల్లో ఎన్ని ఊళ్ళున్నాయో.

హైదరాబాదుని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాదులోనే. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు చేరింది. విటమిన్ ఎ లోపంతో పిల్లలకి కళ్ళు పోతుంటే, ఆరునెలలకోసారి పెద్ద డోసు పోస్తే చాలునని చూపించింది ఆ సంస్థ. 1970 నుంచి దేశమంతా పోస్తున్న పసుపు సిరప్పు అదే. నేను షాపు పెట్టిన కొత్తల్లో రేచీకటికి మందు అడిగే తల్లులు వచ్చేవాళ్ళు. చివరగా ఎప్పుడొచ్చారో గుర్తులేదు. నన్నడిగితే హైదరాబాదు చేసిన అతి పెద్ద వైద్యం ఆ చెమ్చాడు సిరప్పే. దాన్ని చూడ్డానికి ఏ దేశం నుంచీ ఎవరూ విమానం దిగరు.

బెంగళూరు గురించి నాకు ఒక్క ముక్కే చెప్పాలనిపిస్తుంది: నిమ్హాన్స్. పాత మానసిక ఆసుపత్రినీ, 1954లో పెట్టిన మానసిక ఆరోగ్య సంస్థనీ 1974లో కలిపి చేసిన సంస్థ అది. మూర్ఛకైనా మనసు జబ్బుకైనా మా వైపు వాళ్ళు అక్కడికే పోతారు. ఆ చీటీ పట్టుకొచ్చే పద్ధతి వేరుగా ఉంటుంది. షాపులో జనం తగ్గేదాకా పక్కన నిలబడతారు. తర్వాత కాగితం పైభాగం మడిచి, ఆసుపత్రి పేరు బొటనవేలి కింద దాచి, మందుల వరస మాత్రం చూపిస్తారు. నేనూ పేరు చూడనట్టే ఇస్తాను. మూర్ఛకి వాడే గార్డినాల్ లాంటి మాత్ర రూపాయల్లో వస్తుంది. ఆ బొటనవేలిని తీయించే మందు మాత్రం ఏ ఊళ్ళోనూ ఇంకా తయారు కాలేదు.

ఇంత చెప్పాను కదా, ఇప్పుడు నా తప్పు కూడా చెప్పాలి.

2018 జులై. టమాటా సీజను మంచి ఊపు మీద ఉంది. పొద్దున ఏడున్నరకి మార్కెట్టు నుంచి ఒకతను బండి మీద పరుగున వచ్చాడు. జబ్బు చేసింది వాళ్ళ బావకి. ఆయన మండీలో లెక్కలు రాసే గుమాస్తా, నాకూ బాగా తెలిసిన మనిషి. "గంట కింద నుంచి మాట ముద్దగా వస్తాందన్నా. కుడిచెయ్యి లేవడంల్యా. యాడికి తీసుకుపోవాల?" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రాయవేలూరికి పోండి. సుగరుకి ఆడే కదా చూపిస్తాండేది. ఫైలు మర్చిపోవద్దు" అన్నాను.

ఫైలు వాళ్ళ పల్లెలో, బీరువాలో ఉంది. బీరువా తాళం భార్య దగ్గర, ఆమె కలుపుకి పోయింది. చేలో ఆమెని వెతికి, తాళం తీసి, ఫైలు తెచ్చి, కారు మాట్లాడి బయల్దేరేసరికి తొమ్మిది దాటింది. రాయవేలూరు చేరేసరికి పన్నెండున్నర. డాక్టరు మొదట అడిగింది ఫైలు కాదు. "ఎన్ని గంటలకి మొదలైంది?" అని. రక్తం గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. అంటే పదకొండు లోపు. ఆ పొద్దున మా ఊళ్ళోనే స్కాన్ సెంటరు తెరిచి ఉంది, నా షాపు నుంచి నాలుగు వీధుల అవతల.

ఆ నాలుగున్నర గంటల సంగతి నాకు తెలియనిదా అంటే, తెలుసు. మందుల కంపెనీ వాళ్ళు పెట్టిన మీటింగులో చెప్పారు, కాఫీ తాగుతూ విన్నాను. ఆ నిమిషంలో తోచలేదు. అతను అడిగింది ఊరు, నేను చెప్పింది ఊరు. ఇన్నేళ్ళూ ఏ ఊరు మేలని తూకం వేస్తూ వచ్చినవాడికి గడియారం చూడాలని తట్టలేదు.

ఇప్పుడు కౌంటరు పక్కన గోడకి ఒక కాగితం అంటించాను. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం. ఎప్పుడు మొదలైందో టైము రాసుకోండి. 108కి ఫోను చేయండి. ఫైలు కోసం ఇంటికి పోవద్దు. చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టాను. ఎవరైనా "యాడికి పోవాల" అంటే ముందు "ఎప్పటి నుంచి?" అంటున్నాను. కొందరికి విసుగొస్తుంది.

గుమాస్తా నెలనెలా బీపీ మాత్రలకీ యాస్పిరిన్‌కీ వస్తాడు. కాలు దాదాపు సర్దుకుంది, మాట బాగుంది, కుడిచెయ్యి రాలేదు. మండీవాళ్ళు మంచివాళ్ళు, పని తీయలేదు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. కావాల్సిన మందుల పట్టీ కూడా తనే రాసి తెస్తాడు, అక్షరాలు గాలికి వాలిన పైరులాగా ఒక పక్కకి పడుకుని ఉంటాయి. ఆ రోజు సంగతి ఆయన నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఫైలు తెమ్మన్నది నేనేనని ఆయనకి తెలుసో లేదో కూడా నేను అడగలేదు.

పోయిన వారం వచ్చాడు. మాత్రల కవరు జేబులో పెట్టుకుని, చిల్లర కోసం చెయ్యి చాపుతూ, "మా చిన్నపాపకి చెవి సరిగ్గా వినపడ్డంల్యా. యాడికి పోతే మేలన్నా, బెంగళూరుకా, రాయవేలూరుకా?" అన్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

చిల్లర అట్లాగే కౌంటరు మీద వదిలేసి, ఎడమచేతి బొటనవేలితో అదే చేతి వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే తాకుతూ నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.